మీ ఊరి చరిత్ర మీరే రాసుకోవాలంటే: నన్ను తరచుగా అడిగే ప్రశ్నలు

మాది అద్దంకి పక్కన, గుండ్లకమ్మకి కాస్త ఎడంగా ఉండే చిన్న ఊరు, మూడొందల గడప దాటదు. కొన్నేళ్ళుగా ఊళ్ళో పెద్దవాళ్ళ మాటలు రికార్డు చేస్తూ, పాత కాగితాలకి ఫొటోలు తీస్తూ, గట్ల వెంట రాళ్ళు చూసుకుంటూ తిరుగుతున్నాను. అది తెలిసి చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు, బంధువులు, బంధువుల స్నేహితులు, ముక్కూమొహం తెలియనివాళ్ళు కూడా ఫోన్ చేస్తుంటారు, మేమూ చేద్దామనుకుంటున్నాం ఎలాగండీ అని. అడిగిందే అడుగుతారు, చెప్పిందే చెప్తాను, అందుకని ఒకచోట రాసి పెడుతున్నా. నేను చరిత్ర చదువుకున్నవాణ్ణి కాదు, చేతులు కాల్చుకుని నేర్చుకున్నవాణ్ణి, ఆ లెక్కలోనే చదవండి.

మా ఊరికి చెప్పుకోదగ్గ చరిత్రే లేదండీ, ఏం రాస్తాం?

కోట లేదు, రాజు రాలేదు, గాంధీ గారు రాలేదు, అంతేగా మీ బాధ. మరి మీ చెరువు ఎవరు తవ్వారు? తూము ఎప్పుడు పెట్టారు? కలరా వచ్చిన ఏడు ఊరు లేచిపోయి ఎక్కడ పాకలు వేసుకుంది? మొదటి కరెంటు బల్బు ఎవరింట్లో వెలిగింది, దాన్ని చూడ్డానికి ఎంతమంది వెళ్ళారు? మా వైపు అయితే పొగాకు కాల్చే బ్యారన్లు ఎప్పుడొచ్చాయి, ఎవరి పొలాలు వాటి అప్పుల్లో పోయాయి? వీటికి జవాబులు ఏ పుస్తకంలోనూ లేవు. రాజుల సంగతి రాయడానికి యూనివర్సిటీలున్నాయి, మీ చెరువు తూము సంగతి మీరు రాయకపోతే ఇంకెవరూ రాయరు.

సరే, ఎక్కడ మొదలుపెట్టాలి?

ముందు మనుషులు, తర్వాత కాగితాలు, ఆఖర్న రాళ్ళు. అందరూ దీన్ని తలకిందులు చేస్తారు. శాసనం దొరికిందంటే ఊరంతా ఎగబడతారు గానీ, ఆ రాయి 800 ఏళ్ళు ఆగింది, ఇంకో ఆరు నెలలు ఆగుతుంది. వీధి చివరి ఇంట్లో తొంభై దాటిన తాత ఆగడు.

ఒక కాగితం మీద ఊళ్ళో 75 దాటినవాళ్ళ పేర్లన్నీ రాయండి, వీధి వీధికీ. అన్ని వీధులకీ అని మళ్ళీ చెప్తున్నా, మీ వీధికి మాత్రమే కాదు. ఎవరికి వినికిడి తగ్గింది, ఎవరికి మతిమరుపు మొదలైంది, ఎవరు పిల్లల దగ్గరికి హైదరాబాదు వెళ్ళిపోబోతున్నారు అన్నది పక్కన రాసుకోండి. ఆ వరసలో వెళ్ళండి. నేను వరస పాటించలేదు. ఊళ్ళో ఆఖరి నీరటి ఆయన రేపు మాపు అంటూ ఉండగానే పోయారు, ఏ మడికి ఏ రాత్రి నీళ్ళు వదిలేవారో ఆ లెక్క మొత్తం ఆయనతోనే పోయింది.

పెద్దవాళ్ళని ఏమని అడగాలి? "నాకేం తెలుసు" అనేస్తున్నారు.

"మన ఊరి చరిత్ర చెప్పు తాతా" అంటే ఎవరైనా అదే అంటారు. చరిత్ర అనగానే వాళ్ళకి గుర్తొచ్చేది బడిలో చదవని పాఠం. ఒక మామ్మ నాతో "నాకేం తెలుసు అబ్బాయ్, మునసబు గారింట్లో అడుగు పో" అంది. ఏం చేయాలో తోచక, పెరట్లో బోర్లించి ఉన్న రోలు చూపించి ఇదెక్కడిది మామ్మా అన్నాను. గంటన్నర మాట్లాడింది. కొండ దగ్గర ఒడ్డెర వాళ్ళు కొట్టిన రోలట, రెండు బస్తాల జొన్నలకి బేరమాడారట, తెస్తుంటే వాగు పొంగి బండి అవతలి ఒడ్డునే మూడు రోజులు నిలిచిపోతే సత్రంలో వండుకు తిన్నారట. ఏ సత్రం మామ్మా అంటే, ఇప్పుడు పెట్రోలు బంకు ఉందే అక్కడ, అంది. అక్కడ సత్రం ఉండేదని ఊళ్ళో అప్పటిదాకా నాతో ఒక్కరూ అనలేదు. ఒక్క రోలుతో నాకు అప్పటి రోలు ధర, బండి దాటే రేవు, సత్రం మూడూ దొరికాయి.

కాబట్టి వస్తువు పట్టుకుని అడగండి. పెళ్ళికి ఏ చీర కట్టారు, ఎక్కడ కొన్నారు. మొదటిసారి బస్సు ఎప్పుడెక్కారు. కరువులో ఏం తిన్నారు. పురుళ్ళు ఎవరు పోసేవారు. ఏ బావి నీళ్ళు ఎవరు తోడుకోవచ్చు, ఎవరు తోడుకోకూడదు. ఇంకోటి, అడిగాక నోరు మూసుకుని కూర్చోండి. నా మొదటి పది రికార్డింగుల్లో సగం గొంతు నాదే, వింటుంటే నాకే చిరాకు.

రికార్డింగ్‌కి ఏ ఫోను కావాలి?

జేబులో ఉన్నదే చాలు. ఫ్యాన్ ఆపండి, ఫోను ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి, వాళ్ళకి మూరెడు దూరంలో మెత్తటి గుడ్డ మీద పెట్టండి. మొదట్లోనే తేదీ, స్థలం, వాళ్ళ పేరు, "రికార్డు చేసుకోమంటారా" అన్న మాట, వాళ్ళ సమ్మతి, అన్నీ రికార్డులోకి రావాలి. అదే రాత్రి రెండుచోట్ల కాపీ చేయండి, అందులో ఒకటి వేరే ఇంట్లో ఉండాలి. ఇది ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే, మా పెదనాన్న మాట్లాడిన రెండు గంటలు ఫోనుతో పాటే బస్సులో పోయాయి. మళ్ళీ చెప్పమంటే చెప్పారు గానీ మొదటిసారి చెప్పినట్టు రాలేదు.

"గాలివాన ఏడు పుట్టాను" అంటారు. సంవత్సరం ఎలా పట్టుకోవాలి?

ఈ పనిలో నాకు బాగా ఇష్టమైనది ఇదే. మా వైపు గాలివాన అంటే 1969 మే, 1977 నవంబరు, 1979 మే, 1990 మే, ఏదైనా కావచ్చు. "మామిడికాయలు రాలాయా, వరి పనలు తేలాయా?" అని అడగండి. పనలు తేలాయంటే నవంబరు, అంటే దివిసీమ ఉప్పెన నాటి 1977. కాయలు రాలాయంటే మూడు మే నెలల్లో ఒకటి. అప్పుడు "అప్పటికి రెండు రూపాయల బియ్యం వచ్చాయా?" అనండి. ఎన్టీఆర్ ఆ పథకం పెట్టింది 1983లో కాబట్టి, వచ్చాయంటే 1990, రాలేదంటే 1969 లేదా 1979. బియ్యం ధర మర్చిపోయిన మనిషిని నేనింతవరకు చూడలేదు.

ఇంకా పెద్దవాళ్ళు తెలుగు సంవత్సరం పేరు చెప్తారు. ప్రభవ 1867, 1927, 1987లలో మొదలైంది, అక్కణ్ణుంచి వేళ్ళ మీద లెక్కపెట్టుకోవడమే. రక్తాక్షిలో పుట్టానంటే 1924 లేదా 1984, ఎదురుగా ఉన్న మనిషిని చూస్తే ఏదో తెలిసిపోతుంది. కరువులకి కూడా సంవత్సరం పేర్లే పెట్టుకున్నారు మనవాళ్ళు. 1832-33లో గుంటూరు సీమని ఊడ్చేసినది నందన కరువు, 1876లో మొదలైనది ధాత కరువు. మీ ఊళ్ళో ఎవరైనా "మా ముత్తాత ధాత కరువులో ఇటొచ్చాడట" అంటే, అది కథ అని కొట్టిపారేయకండి, తేదీ ఉన్న సాక్ష్యం అది.

కాగితాల్లో ఫసలీ (పాత రెవెన్యూ సంవత్సరం) కనపడితే 590 కలపండి. ఫసలీ 1340 అంటే 1930-31. శాసనాల్లో శకవర్షం ఉంటే 78 కలపండి. శక 1166 అంటే 1244, మా దగ్గరి మోటుపల్లి రేవులో సముద్ర వర్తకులకి గణపతిదేవుడు అభయశాసనం వేయించిన కాలం.

ఒకే సంగతి ఇద్దరు రెండు రకాలుగా చెప్తున్నారు. ఏది రాయాలి?

రెండూ రాయండి. ఎవరు ఏం చెప్పారో పేరుతో రాయండి, పేరు వద్దంటే "తూర్పు వీధి, 80 ఏళ్ళ ఆమె" అని రాయండి. మీరు మధ్యలో కూర్చుని తీర్పు చెప్పకండి. మా ఊళ్ళో దిగుడుబావిని ఫలానా ఆసామి తవ్వించాడని ఒక వీధి చెప్తుంది. తవ్వింది మేమే, ఆయన కూలి ఎగ్గొట్టాడు అని ఇంకో వీధి చెప్తుంది. రెండూ నిజమే అయ్యుండొచ్చు! మీరు ఒకటి తీసేస్తే ఆ వీధి నోరు ఇంకోసారి మూసేసినట్టే.

కరణం గారి కాగితాలు ఏమయ్యాయి?

1984లో రామారావు ప్రభుత్వం కరణం మునసబు పదవులు రద్దు చేసినప్పుడు రికార్డులన్నీ అప్పజెప్పమన్నారు. అప్పజెప్పినవి అప్పజెప్పారు, మిగిలినవి అటకల మీద, ట్రంకు పెట్టెల్లో చెదపురుగులకి ఆహారంగా ఉన్నాయి. పాత అడంగళ్ళు, కిస్తు రసీదులు, జమాబందీ లెక్కలు, పుట్టుక చావుల పుస్తకాలు, ఎవరో ఎవరికో రాసిన నోట్లు.

అడిగే పద్ధతి ముఖ్యం. "కాగితాలు ఇవ్వండి" అంటే పొలం కేసులేమైనా బయటికొస్తాయేమో అని వాళ్ళకి టెన్షన్, తలుపేసుకుంటారు. "ఇక్కడే మీ అరుగు మీదే ఒక పూట కూర్చుని ఫొటోలు తీసుకుని వెళ్తా, ఒక్క కాగితం గడప దాటదు" అనండి. ఆ మాట మీద నిలబడండి కూడా. ఇప్పుడు కోర్టులో నడుస్తున్న భూమి తాలూకు కాగితం కనపడితే ఫొటో తీయకుండా పక్కన పెట్టేయండి, మీ మంచికే చెప్తున్నా.

ప్రభుత్వం దగ్గరున్న వాటిలో కోస్తా, రాయలసీమ వాళ్ళు తప్పకుండా చూడాల్సింది ఇనాం ఫెయిర్ రిజిస్టరు. 1860ల్లో ఇనాం కమిషన్ వాళ్ళు ఏ మాన్యం ఎవరిది, ఎందుకిచ్చారు అని ఊరూరా విచారించి రాసిన పుస్తకం అది. మంగలి మాన్యం, భజంత్రీ మాన్యం, నీరటి మాన్యం, గుడి దీపానికి ఇంత, చలివేంద్రానికి ఇంత. రాజుల పేర్లు రాసే చోట మనకి కనపడని మనుషులు ఇందులో పేరుతో సహా కనపడతారు. తెలంగాణ ఊళ్ళకైతే సేత్వార్ (నిజాం కాలపు భూమి సర్వే లెక్క), 1954-55 ఖాస్రా పహాణీ (ఏ చేను ఎవరి సాగులో ఉందో రాసిన పుస్తకం) మొదట చూడాల్సినవి, ఉర్దూ చదివే మనిషి ఒకరు పక్కన ఉంటే మంచిది. తహసీల్దారు ఆఫీసులో దొరక్కపోతే సమాచార హక్కు కింద అడగండి, ఓపిగ్గా.

కైఫీయత్తులంటే ఏంటి? మా ఊరిది ఉంటుందా?

కర్నల్ కాలిన్ మెకంజీ అనే ఆయన, తర్వాత్తర్వాత భారతదేశపు మొదటి సర్వేయర్ జనరల్ అయినాయన, తన మనుషుల్ని ఊరూరా పంపించి కరణాల దగ్గరున్న దండకవిలెల (ఊరి లెక్కల పాత పుస్తకాల) నుంచి, పెద్దల నోటి నుంచి ఊరి వృత్తాంతాలు రాయించాడు, అవే కైఫీయత్తులు. ఆయనకి కుడిభుజాలు మన ఏలూరు వాళ్ళు, కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి అనే అన్నదమ్ములు. మెకంజీ 1821లో పోయాక కంపెనీ ఆ సేకరణ మొత్తాన్ని లక్ష రూపాయలకి కొన్నది. తెలుగు భాగం చాలావరకు చెన్నైలోని ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో ఉంది. బ్రౌన్ దొర శిథిలమైపోతున్న వాటికి నకళ్ళు రాయించకపోతే ఎన్నో పోయేవి. కడప జిల్లావి కడప బ్రౌన్ గ్రంథాలయం వాళ్ళు సంపుటాలుగా అచ్చు వేశారు, గుంటూరువీ అచ్చులో ఉన్నాయి. మీ ఊరిది లేకపోయినా దిగులు పడకండి, పక్క ఊరి కైఫీయత్తులో మీ ఊరు పొలిమేరగా తగలొచ్చు.

కానీ దొరికిందని గుడ్డిగా నమ్మేయకండి. గుంటూరు వైపు చాలా కైఫీయత్తుల్లో గజపతి రాజు దగ్గర మంత్రి గోపరాజు రామన్న ఊరూరికీ కరణీకాలు ఇప్పించాడని వస్తుంది, దానికి 12వ శతాబ్దపు తేదీ వేస్తారు. గజపతులు సింహాసనం ఎక్కిందే 1434లో! మరి ఆ తేదీ ఎందుకు వేశారు? చెప్పినవాళ్ళు కరణాలు, మా మిరాశీ (తరతరాల హక్కు) అంత పాతది అని చూపించుకోవడం వాళ్ళ అవసరం. కైఫీయత్తు చదివేటప్పుడు అందులో ఏముంది అన్నదెంతో, చెప్పింది ఎవరు, ఎవర్ని అసలు అడగలేదు అన్నదీ అంతే చూడాలి. కుమ్మరి వీధి నుంచి ఎవరైనా చెప్పి ఉంటే అది ఇంకో కథ అయ్యేది.

ఇంకా ఏ పుస్తకాలు వెతకాలి?

1961 జనాభా లెక్కలప్పుడు ఆంధ్రప్రదేశ్‌కి జిల్లాల వారీగా జాతరలు, తిరునాళ్ళ సంపుటాలు వేశారు. చిన్న చిన్న ఊళ్ళ అమ్మవారి కొలుపులు కూడా రాశారు వాటిలో, ఏ నెలలో చేస్తారు, ఎవరు పూజారి, ఎంతమంది వస్తారు, అన్నీ. మా చుట్టుపక్కల ఊరి కొలుపు ఒకటి అందులో చదివి ఊళ్ళో చెప్తే, ఆ కొలుపు అప్పుడు మూడు రోజులు జరిగేదని ఇప్పటి కుర్రాళ్ళకి తెలియనే తెలియదు.

పాత జిల్లా మాన్యువళ్ళు కూడా చూడండి, 1873లో బాస్వెల్ రాసిన నెల్లూరుది, 1883లో గోర్డన్ మెకెంజీ రాసిన కృష్ణాది (ఈ మెకెంజీ వేరు, ఇందాకటి ఆయన కాదు). ఇక్కడ ఒక తిరకాసు ఉంది. మీ ఊరు ఇప్పుడు ఏ జిల్లాలో ఉందో అది కాదు, అప్పుడు ఏ జిల్లాలో ఉండేదో చూడాలి. ఒంగోలు తాలూకా 1904 దాకా నెల్లూరు జిల్లా, తర్వాత గుంటూరు జిల్లా, 1970 తర్వాత ప్రకాశం. నేను మొదట ఆర్నెల్లు గుంటూరు పుస్తకాల్లో తల దూర్చి, ఏమీ లేదనుకున్నాను. ఈ మాన్యువళ్ళు ఇంటర్నెట్ ఆర్కైవ్ (archive.org) వెబ్‌సైట్‌లో ఉచితంగానే దొరుకుతాయి.

పాత పత్రికల కోసమైతే వేటపాలెం సారస్వత నికేతనం వెళ్ళండి. 1918లో పెట్టిన గ్రంథాలయం, మా అదృష్టం కొద్దీ దగ్గరే. 1921లో మునిసిపాలిటీ పన్ను కట్టం అని చీరాల, పేరాల జనం ఇళ్ళు వదిలేసి రామ్‌నగర్‌లో పాకలు వేసుకుని నెలల తరబడి ఉన్నారు కదా, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి వెనక. అప్పటి పత్రిక చేతిలో పట్టుకుని చదువుతుంటే ఆ పాకల్లో మా చుట్టాలెవరైనా ఉన్నారా అని ఇంటికొచ్చి అడగకుండా ఉండలేం.

పొలంలో అక్షరాలున్న రాయి బయటపడింది. ఏం చేయాలి?

ముందు ఏం చేయకూడదో చెప్తా. ఎనామిల్ రంగు వేయకండి, సున్నం పూయకండి, అక్షరాలు కనపడట్లేదని సుద్దముక్కతో దిద్దకండి, యాసిడ్‌తో కడగకండి, మేకుతో గీకకండి. ఒక ఊళ్ళో గుడి బాగు చేయిస్తున్నామని భక్తితోనే స్తంభం మీద శాసనానికి మూడు పూతలు రంగు కొట్టారు. ఆ అక్షరాలు ఇక ఎవరూ చదవలేరు.

నీళ్ళతో మెత్తటి బ్రష్షుతో మట్టి కడిగితే చాలు. ఫొటో మధ్యాహ్నం తీయకండి, పొద్దున్నే గానీ సాయంత్రం గానీ ఎండ ఏటవాలుగా పడేటప్పుడు తీయండి, అక్షరాల గాళ్ళలో నీడ నిలుస్తుంది. అంతకన్నా బాగా వచ్చేది రాత్రి. ఒకరు టార్చిలైటు రాయికి ఆనించినంత దగ్గరగా పక్కనుంచి పట్టుకుంటే, పగలంతా ఖాళీగా కనపడ్డ రాయి మీద వరసలకి వరసలు లేచి నిలబడతాయి. పక్కన ఒక స్కేలు పెట్టండి, నాలుగు వైపులా తీయండి, వెనక వైపు కూడా. అక్కడి లొకేషన్ ఫోన్లో సేవ్ చేయండి.

తర్వాత రాష్ట్ర పురావస్తు శాఖకి, మైసూరులోని భారత పురావస్తు సర్వేక్షణ శాసన విభాగానికి రాయండి. ఈలోగా అది ఇదివరకే అచ్చయిందేమో చూసుకోండి. దక్షిణ భారత శాసన సంపుటాల్లో 4, 5, 6, 10 తెలుగువాళ్ళు ముందుగా తిప్పాల్సినవి. మా వైపు వాళ్ళకైతే 1905లో మూడు భాగాలుగా వేసిన నెల్లూరు జిల్లా శాసనాలు. శాసనాల వాళ్ళు ముద్ర తీస్తుంటే ఒకసారి దగ్గరుండి చూడండి. రాయి తడిపి, తడి కాగితం పరిచి, బ్రష్షుతో తపతపా కొడతారు, కాగితం అక్షరాల్లోకి దిగిపోతుంది. పైన సిరా అద్దితే నల్ల కాగితం మీద తెల్లటి అక్షరాలు. అది ఆరబెట్టినప్పుడు మా ఊరి పిల్లలంతా చుట్టూ చేరి తలకట్టు ఏది, కొమ్ము ఏది అని వెతికారు.

ఎక్కువ ఆశలు మాత్రం పెట్టుకోకండి. అన్నీ 848 నాటి అద్దంకి పండరంగని శాసనంలా తరువోజ పద్యంతో రావు. చాలావాటిలో ఉండేది గుడి అఖండదీపానికి ఎవరో గొర్రెల్ని ఇచ్చారని, దీన్ని చెరిపినవాడు గంగ ఒడ్డున కపిలగోవును చంపిన పాపాన పోతాడని. నాకైతే అదే బాగుంటుంది. గొర్రెలిచ్చిన మనిషి పేరుంటుంది, ఒక్కోసారి ఆడమనిషి పేరు. అక్షరాల్లేకుండా కత్తి పట్టిన మనిషి బొమ్మ ఉంటే అది వీరగల్లు అయ్యుంటుంది, ఊరి పశువుల కోసమో పొలిమేర కోసమో చచ్చిపోయినవాడు. చాలా ఊళ్ళలో దానికి పసుపు కుంకుమ పెట్టి దేవుణ్ణి చేసేశారు, అలాగే ఉండనివ్వండి, పూజ వల్లే అది ఇన్నాళ్ళు మిగిలింది.

నాణేలు, లంకెబిందె లాంటివి దొరికితే?

1878 నాటి చట్టం ఇప్పటికీ ఉంది, భూమిలో దొరికినది పది రూపాయల విలువ దాటితే కలెక్టరుకి తెలపాలి. దాచుకోవద్దు, అమ్మొద్దు. గుప్తనిధుల పేరుతో రాత్రుళ్ళు గుళ్ళు తవ్వే బ్యాచులు మీ దగ్గరికి స్నేహంగానే వస్తాయి, రాళ్ళ లొకేషన్లు వాళ్ళకి చెప్పకండి.

ఊరి బయట పాటిదిబ్బ ఉంది, పెంకులు దొరుకుతున్నాయి.

అదే మీ పాత ఊరు. మనుషులు కాపురమున్న చోట బూడిద, పేడ, పెంకులు పేరుకుని దిబ్బవుతుంది. ఆ మట్టి పొలానికి మంచి బలమని బండ్ల కొద్దీ తోలేశారు మనవాళ్ళు, ఇప్పుడు ట్రాక్టర్లు. తవ్వకండి. దున్నినప్పుడు పైకి తేలిన పెంకులు ఫొటో తీయండి, నల్లదా, ఎర్రదా, సగం నలుపు సగం ఎరుపా రాసుకోండి. రెవెన్యూ రికార్డుల్లో బేచిరాక్ అని ఉన్న గ్రామం పేరు మీ పక్కనే ఉందేమో చూడండి. దీపం లేని ఊరు అని దాని అర్థం, పేరూ పొలిమేరా ఉండి మనుషులు లేని ఊరు. ఆ ఊరి జనం ఎక్కడికి పోయారు అని అడిగితే, తరచుగా మీ ఊళ్ళోనే ఒక వీధి తేలుతుంది.

పాత ఫొటోలు, తాటాకు పుస్తకాలు ఎలా కాపాడాలి?

ఫొటోలు లామినేషన్ చేయించకండి. మా తాత పెళ్ళి ఫొటో నేనే చేయించాను, వేడికి పొర లేచి మొహాలు కరిగిపోయాయి. ఫ్రేములో అంటుకుపోయినది లాగకండి, అద్దం మీదనుంచే కాస్త వాలుగా, మెరుపు పడకుండా తీయండి. స్కాన్ అయితే 600 డీపీఐ. వాట్సాప్‌లో పంపితే నలిగిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపించమనండి. అన్నిటికన్నా ముఖ్యం, ఫొటోలో ఎవరెవరున్నారో ఎడమ నుంచి కుడికి ఇవాళే రాయించండి. పేర్లు తెలిసిన ఆఖరి మనిషి పోయాక అది ఎవరిదో పెళ్ళి, అంతే.

తాటాకుల కట్ట దొరికితే తాడు విప్పి బలవంతంగా విడదీయకండి, నూనెలు పూసే ప్రయోగాలు ఇంట్లో చేయకండి. పొడి గుడ్డలో చుట్టి, రెండు చెక్కల మధ్య పెట్టి, వస కొమ్ములో వేపాకో దగ్గర పెట్టి, ప్రాచ్య లిఖిత గ్రంథాలయం వాళ్ళని సంప్రదించండి. చాలామంది భయపడతారు అందులో మంత్రాలున్నాయేమో అని. ఎక్కువసార్లు ఉండేది భాగవతమో, వైద్యమో, లెక్కలో.

మా ఊరి పేరుకి అర్థం?

ప్రతి ఊళ్ళోనూ రాముడు ఒక రాత్రి పడుకున్నాడు, పాండవులు వంట చేసుకున్నారు. ఆ కథ కూడా రాసుకోండి, అదీ ఊరిదే. కానీ అర్థం కోసం పేరు చివర చూడండి. పర్రు అంటే బురద నేల, లంక అంటే ఏటి మధ్య దిబ్బ, అగ్రహారం అంటే బ్రాహ్మలకిచ్చిన ఊరు. ఊరి పేరుకన్నా పొలాల పేర్లు రాయండి ముందు, సాయిబు బావి చేను, గుర్రాల గట్టు, సత్రం దొడ్డి లాంటివి. సర్వే నంబర్లు వచ్చాక ఇవి నోళ్ళలోంచి పోతున్నాయి. పాత రైతు ఒకర్ని బండెక్కించుకుని డొంకలన్నీ తిరగండి, ఒక్క పూట పని.

కులాల గొడవలొస్తాయేమో అని భయం.

వస్తాయి. మా దగ్గరా వచ్చాయి, ఊరి పుస్తకంలో ఫలానా వీధి ముందెందుకొచ్చింది అని. కానీ ఆ భయంతో గుడి చరిత్ర, పెద్దింటి చరిత్ర రాసి అదే ఊరి చరిత్ర అనడం నాకు నచ్చదు. పల్లెలోకి, మాలమాదిగ వాడల్లోకి వెళ్ళి కూర్చోండి, మంచినీళ్ళు అడిగి తాగండి, అప్పుడు మాట్లాడతారు.

పైగా ఒక సంగతి చాలామందికి గుర్తుండదు. కాగితం ముట్టని కులాలకి కూడా చరిత్ర చెప్పేవాళ్ళు ఉన్నారు. పద్మశాలీలకి కూనపులి వాళ్ళు పటం విప్పి కథ చెప్తారు, మాదిగలకి డక్కలి వాళ్ళు జాంబపురాణం చెప్తారు, విశ్వకర్మలకి రుంజ వాయించేవాళ్ళున్నారు, పిచ్చుకుంట్ల వాళ్ళకి ఇంటిపేర్లు గోత్రాలు కంఠతా వచ్చు. ఎవరి ఊళ్ళు వాళ్ళకి పంచి ఉంటాయి, ఏడాదికో మూడేళ్ళకో వస్తారు. ఈసారి వచ్చినప్పుడు రికార్డు చేయండి, వాళ్ళకి రావలసిన కట్నం వాళ్ళకి ఇచ్చి.

రెండో పెళ్ళిళ్ళు, దత్తతలు, చావుల గుట్లు మాత్రం విన్నా రాయకండి. ఎవరైనా "ఇది నేను పోయాక వేసుకో" అంటే ఆ మాట ఫైలు పేరులోనే పెట్టుకోండి.

మా ఊరు ప్రాజెక్టు కింద మునిగిపోయింది. ఇప్పుడేం చేస్తాం?

మీరే అందరికన్నా ముందు చేయాలి. శ్రీశైలం కింద మునిగిన ఊళ్ళ గుళ్ళు కొన్ని రాయి రాయీ నంబరేసి విప్పి అలంపురం దగ్గర మళ్ళీ కట్టారు, కూడలి సంగమేశ్వరం అలా వచ్చిందే. ఇళ్ళనెవరూ నంబరేసి తేలేదు. చెల్లాచెదురైన వాళ్ళని ఒక పెళ్ళిలోనో దినంలోనో పోగేసి, పెద్ద తెల్లగుడ్డ పరిచి, ఊరి మ్యాపు గీయమనండి, బొడ్రాయి మధ్యలో పెట్టి ఎవరి ఇల్లు ఎక్కడ, వేపచెట్టు ఎక్కడ అని. పోట్లాడుకుంటారు, ఏడుస్తారు, గీస్తారు. పునరావాసం లిస్టుల్లో ఇంటి యజమానుల పేర్లు ఉంటాయి, ఆ గుడ్డతో కలిపి చూసుకోవచ్చు. నీళ్ళు తగ్గే వేసవిలో పునాదులు బయటపడితే వెళ్ళి తీసుకోండి.

మేం అమెరికాలో ఉంటాం, ఏం చేయగలం?

డబ్బు పంపి స్వాగతద్వారం కట్టించకండి, ఇప్పటికే చాలా ఉన్నాయి. మీ అమ్మగారితో వారానికో వీడియో కాల్ రికార్డు చేయండి. ఊళ్ళో ఇంటరు చదివే అమ్మాయికో అబ్బాయికో హార్డ్ డిస్కు, బస్సు ఖర్చులు, కొంత జీతం ఇవ్వండి. రికార్డింగులు విని టైపు చేయడం ఒక్కటీ మీరు అక్కణ్ణుంచే చేయొచ్చు, గంట మాటలకి నాలుగైదు గంటల పని, దానికే ఎవరూ దొరకరు.

పుస్తకం వేయాలా, వికీపీడియాలో పెట్టాలా?

తెలుగు వికీపీడియాలో మీ ఊరి పేజీ చాలావరకు ఇప్పటికే ఉంటుంది, జనాభా లెక్కల అంకెలతో. అక్కడ అచ్చయిన ఆధారం ఉన్నదే రాయాలి, మామ్మ చెప్పింది అంటే తీసేస్తారు, వాళ్ళ రూలు అది, కోప్పడకండి. మీరు తీసిన ఫొటోలు కామన్స్‌లో (వికీపీడియా వాళ్ళదే, ఫొటోలు పెట్టే సైటు) పెట్టండి. కాపీరైటు తీరిన పాత పుస్తకం దొరికితే, అంటే రచయిత పోయి 60 ఏళ్ళు దాటితే, వికీసోర్స్‌లో (అదీ వాళ్ళదే, పాత పుస్తకాల సైటు) ఎక్కించొచ్చు. మామ్మ చెప్పింది మాత్రం మీ పుస్తకంలో వేయండి. వంద కాపీలు చాలు. అందులో రెండు జిల్లా గ్రంథాలయానికి, ఒకటి బడికి, ఒకటి వేటపాలెం లాంటి చోటికి. ఆవిష్కరణ సభకి ఎమ్మెల్యే గారి డేటు కోసం పుస్తకం ఆపకండి, మేం ఆపాం, ఎనిమిది నెలలు పోయింది, ఆ ఎనిమిది నెలల్లో పుస్తకంలో మాట్లాడినవాళ్ళు ముగ్గురు పోయారు.

మొత్తం ఎంత ఖర్చవుతుంది?

ఫోను ఉంటే మొదటి ఏడాది పెద్దగా ఏమీ కాదు, రెండు హార్డ్ డిస్కులు, పెట్రోలు, జెరాక్సులు. ఇంకా మామ్మ ఇంటికి వెళ్ళేటప్పుడు తమలపాకులు, వక్కలు. మా మామ్మకి వక్క మెత్తటిదే తేవాలి, గట్టిది తెస్తే "నా పళ్ళు కూడా రికార్డు చేసుకో" అంటుంది.